ములుగు నుంచి లక్నవరం బోటు దాకా సైకిల్ మీద: క్షేమంగా పోయి రావడం ఎలా

లక్నవరం చెరువు దగ్గర బోటు ఎక్కే చోట ఈ మధ్య కార్లు, బైకుల పక్కన సైకిళ్లు కూడా కనిపిస్తున్నాయి. హన్మకొండ, ములుగు వైపు నుంచి కాలేజీ పిల్లలు, ఉద్యోగస్తులు, ఒక్కోసారి తండ్రీ కొడుకులు కలిసి తొక్కుకుంటూ వస్తున్నారు. చూస్తే కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ సాయంత్రం చీకటి పడే వేళకు అదే పిల్లలు లైటు లేకుండా, హెల్మెట్ లేకుండా హైవే మీద ఇద్దరిద్దరు పక్కపక్కన తొక్కుతూ పోవడం చూస్తే గుండె జారిపోతుంది. ఇది వాళ్ల కోసం, వాళ్లను పంపే ఇంట్లోవాళ్ల కోసం రాస్తున్నాను. ఈ దారిలో నేను చాలాసార్లు తిరిగాను, ఒకసారి కిందపడ్డాను కూడా.

ముందు దారి సంగతి

వరంగల్ నుంచి లక్నవరం సుమారు 75–80 కిలోమీటర్లు. కొత్తవాళ్లు ఆ మొత్తం తొక్కాలని పంతానికి పోవద్దు. ములుగు దాకా సైకిల్‌ను ఏదో ఒక బండిలో తెచ్చుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ములుగు నుంచి బోటు దాకా 25 నుంచి 30 కిలోమీటర్ల మధ్య ఉంటుంది, ఊళ్లో ఎక్కడి నుంచి బయలుదేరితే అంత.

ఈ దారిని రెండు ముక్కలుగా చూడాలి. మొదటిది 163 నంబర్ జాతీయ రహదారి. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వైపు పోయే రోడ్డు ఇదే. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ వస్తుంది. రామప్ప గుడికి పోయేవాళ్లు అక్కడ మళ్లుతారు, మనం నేరుగా చల్వాయి వైపు పోవాలి. రెండో ముక్క చల్వాయి, బుస్సాపూర్ దగ్గర హైవే వదిలి కుడిచేతి వైపు తిరిగి, పొలాల మీదుగా గుట్టల్లోకి, చెరువు దాకా పోయే చిన్న రోడ్డు. ఈ రెండింట్లో దేని ప్రమాదం దానిదే. హైవే మీద వేగంగా వచ్చే బండ్లు, చిన్న రోడ్డు మీద మలుపులు, పశువులు, ఇరుకు. ఈ రెండు ముక్కలు కలిసే చోట కుడివైపు తిరగడం అన్నిటికంటే ప్రమాదం. దాని గురించి కింద విడిగా చెబుతాను.

తిరుగు ప్రయాణం నుంచి లెక్క మొదలుపెట్టండి

అందరూ పొద్దున ఎన్ని గంటలకు బయలుదేరాలి అని అడుగుతారు. సాయంత్రం ఎన్నింటికి ములుగులో ఉండాలన్నది ముందు తేల్చుకోవాలి. ఈ దారిలో నాకు తెలిసిన దెబ్బలన్నీ వచ్చేటప్పుడు తగిలినవే. అప్పటికి కాళ్లు అలసి ఉంటాయి, ఎండకు తల బరువెక్కి ఉంటుంది, వెలుతురు తగ్గుతుంటుంది, ఇల్లు చేరాలన్న తొందర ఉంటుంది.

డిసెంబరు నెలే తీసుకుందాం. ఇక్కడ పొద్దు సుమారు 5:40కి గూకుతుంది. చీకటి పడకముందే, అంటే అయిదు గంటలకల్లా ములుగులో ఉండాలి. నెమ్మదిగా తొక్కేవాళ్లకు గంటకు 13–15 కిలోమీటర్లు పడుతుంది, అంటే దారికి రెండు గంటలు. మధ్యలో పంచరైతేనో, నీళ్లకు ఆగితేనో అని ఇంకో అరగంట కలపండి. అప్పుడు చెరువు దగ్గర రెండున్నరకు సైకిల్ ఎక్కాలి. బోటు, వేలాడే వంతెన, భోజనం అన్నీ ఆలోపే అయిపోవాలి. చలికాలం ఆరున్నర దాటితే గానీ పొద్దు పొడవదు. మంచు కూడా ఉంటుంది కాబట్టి, బాగా తెల్లారాక ఏడింటికి ములుగులో బయలుదేరితే తొమ్మిదిన్నరకు చేరతారు. అప్పటికి జనం కూడా పలుచగానే ఉంటారు.

బోటు వేళలు రోజును బట్టి, గాలివానను బట్టి మారుతుంటాయి. దిగగానే టికెట్ కౌంటర్‌లో అడగండి. సాయంత్రం చివరి బోటుకు ఆశపడి చీకట్లో హైవే ఎక్కొద్దు. చెరువు ఎక్కడికీ పోదు, ఇంకో ఆదివారం వస్తుంది.

ఎప్పుడు పోవద్దు

మేడారం జాతర రోజుల్లో ఈ దారి సైకిల్‌కు పనికిరాదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో నాలుగు రోజులు జరిగే జాతరకు (2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు) వరంగల్ వైపు నుంచి పోయే బస్సులు, ట్రాక్టర్లు, కార్లు అన్నీ ఈ హైవే మీదే పోతాయి. జాతరకు కొన్ని వారాల ముందు నుంచే మొక్కులకు పోయేవాళ్ల రద్దీ మొదలవుతుంది. జాతర తర్వాతి వారం జరిగే తిరుగువారం పండగ కూడా అయిపోయేదాకా ఆగండి.

వానాకాలం చెరువు నిండి మత్తడి దుంకుతుంటే చూడబుద్ధవుతుంది నిజమే. కానీ ములుగు వాన మామూలు వాన కాదు. 2023 జులై చివర్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజు సైకిల్ బయటికి తీయొద్దు. దారిలో కల్వర్టు మీద నుంచి నీళ్లు పారుతుంటే చీలమండలోతే కదా అని దిగొద్దు. నీటి కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. సైకిల్ చక్రానికి పారే నీళ్లు అడ్డంగా తగిలితే మనిషిని కూడా పక్కకు నెట్టేస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో పోవాలంటే తెల్లవారుజామునే పోయి పది గంటల లోపు నీడకు చేరాలి. మళ్లీ ఎండ తగ్గాక రావాలంటే చీకటి పడుతుంది. అందుకే ఎండాకాలం ఒకవైపే తొక్కి, తిరుగు ప్రయాణానికి బండి మాట్లాడుకోవడం తెలివైన పని.

సైకిల్‌ను ముందు రోజు రాత్రే చూసుకోండి

టైరు పక్కన ఎంత గాలి కొట్టాలో అచ్చు వేసి ఉంటుంది, ఆ హద్దుల్లోనే కొట్టించండి. బొటనవేలితో నొక్కితే కొంచెం కూడా లొంగకుండా రాయిలా ఉంటే మొరం మీద జారుతుంది, మెత్తగా ఉంటే గుంతలో ట్యూబు రిమ్ముకు, రాయికి మధ్య నలిగి చిల్లు పడుతుంది. బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకు నెట్టి చూడండి. చక్రం తిరగకూడదు. బ్రేకు లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తే వైరు బిగించాలి. రబ్బర్లలో గీతలు అరిగి నున్నగా అయితే మార్చాలి. ముందు చక్రం ఎత్తి తిప్పి, అటూ ఇటూ ఊగుతుందేమో చూడండి. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెడితే, పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు నిటారుగా చాపుకోవాలి. సీటు మరీ కిందికి ఉంటే పది కిలోమీటర్లకే మోకాళ్లు పట్టేస్తాయి.

వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు పగటిపూట కూడా పెట్టుకోండి. లైటు కొనలేనివాళ్లు కనీసం రేడియం స్టిక్కర్ తెచ్చి వెనక మడ్‌గార్డుకు, రెండు పెడళ్లకు అంటించండి. పెడళ్లకు అని ఎందుకంటున్నానంటే, అవి పైకీ కిందికీ కదులుతుంటాయి కాబట్టి వెనక నుంచి వచ్చే డ్రైవరుకు అది సైకిల్ అని దూరం నుంచే అర్థమవుతుంది. బట్టలు పసుపు, నారింజ లాంటి రంగుల్లో ఉండాలి. నల్ల టీషర్టు చెట్ల నీడలో కలిసిపోతుంది. చున్నీ, పంచె, లుంగీ, వదులు ప్యాంటు అంచులు చైనులో పడకుండా కట్టుకోండి.

హెల్మెట్ కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి. వెనక్కి నెట్టి టోపీలా పెట్టుకుంటే నుదురు తగిలినప్పుడు అది దేనికీ పనికిరాదు. గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరేంత సందు చాలు.

సంచిలో రెండు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అరటిపండ్లు, పంచర్ సామాను, చిన్న పంపు, పానాల సెట్టు, ఒక తాళం, దూది, బ్యాండేజ్. బరువు భుజాన వద్దు, క్యారియర్‌కు గట్టిగా కట్టండి. కట్టిన తాడు కొస వేలాడి చక్రంలో పడకుండా చూసుకోండి.

హైవే మీద ఎక్కడ తొక్కాలి

ఎడమవైపే తొక్కాలి, అది అందరికీ తెలుసు. కానీ ఎడమవైపు ఎంత దూరంలో అన్నదే అసలు సంగతి. చాలామంది భయంతో తారురోడ్డు అంచు మీద, ఆ తెల్ల గీత అవతల, ఒక జానెడు జాగాలో తొక్కుతారు. అంచుకు మరీ దగ్గరగా ఉంటే, లారీ గాలి తగిలి ఒక్కసారి ఊగారంటే చక్రం మొరంలోకి దిగుతుంది. తారుకు, మొరానికి మధ్య కొన్నిచోట్ల నాలుగు వేళ్ల ఎత్తు మెట్టు ఉంటుంది. చక్రం దిగగానే మనం గాబరాగా కుడివైపు హ్యాండిల్ తిప్పుతాం. టైరు ఆ మెట్టును రాసుకుంటూ పైకెక్కదు, సైకిల్ అడ్డం తిరిగి మనం రోడ్డు మధ్యలోకి పడతాం. వెనక బండి ఉంటే ఇంక చెప్పేదేముంది.

అందుకే అంచుకు రెండు మూడు అడుగుల లోపల, ఒకే గీతలో తొక్కండి. అలా తొక్కితే వెనకవాడు మీ పక్కనుంచి ఇరికించుకుని పోకుండా, చూసి దాటుతాడు. చక్రం ఎప్పుడైనా మొరంలోకి దిగితే హ్యాండిల్ తిప్పొద్దు. నిటారుగా పోనిచ్చి, వెనక బ్రేకుతో మెల్లగా ఆపి, దిగి, సైకిల్ ఎత్తి తారు మీద పెట్టుకుని మళ్లీ ఎక్కండి. ఇది ఇంటి దగ్గర ఖాళీ రోడ్డు మీద పదిసార్లు చేసి చూడండి. చేతికి అలవాటు కాకపోతే ఆ క్షణంలో గుర్తుకు రాదు.

ఎదురుగా వచ్చే కారు ఇంకో బస్సును దాటుకుంటూ మీ వైపుకు వచ్చేస్తే, రూలు మీ పక్షానే ఉన్నా మీరే తప్పుకోవాలి. ముందే వేగం తగ్గించి, కావాలనే, నిటారుగా మొరంలోకి దిగండి. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వస్తుంది. వంద మీటర్ల దూరంలో కనబడిందంటే ఆరు సెకన్లే మీ చేతిలో ఉన్నట్టు.

వెనక హారన్ మోగగానే తల తిప్పొద్దు. తల ఎటు తిరిగితే హ్యాండిల్ అటే లాగుతుంది. కుడి హ్యాండిల్‌కు చిన్న అద్దం పెట్టించుకుంటే ఈ టెన్షన్ సగం పోతుంది. చెవిలో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దే వద్దు. ముగ్గురు నలుగురు కలిసి పోతే ఒకరి వెనక ఒకరు, రెండు సైకిళ్ల పొడవు ఎడంతో పోవాలి. కొత్తవాళ్లను, పిల్లలను మధ్యలో పెట్టి, అందరికంటే అనుభవం ఉన్నవాళ్లు చివర్లో ఉండాలి. ముచ్చట్లు ఆగినచోట పెట్టుకోండి.

వడ్లు ఆరబోసిన రోడ్డు

నేను కిందపడింది ఇక్కడే. వానాకాలం పంట కోతలప్పుడు, మళ్లీ యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద ఒక పక్కన వడ్లు ఆరబోస్తారు. కల్లాలు లేక, కొనుగోలు సెంటర్లో తేమ ఎక్కువుందంటారన్న భయంతో రైతు చేసే పని అది. ఆ వడ్ల మీదికి బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. సాయంత్రం కుప్ప చేసి నల్ల టార్పాలిన్ పరదా కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెడతారు.

ఒక నవంబరు సాయంత్రం, పొద్దుగూకి పది నిమిషాలైంది. నల్ల రోడ్డు మీద నల్ల పరదా. కుప్ప కనిపించింది, పక్కకు తప్పించాను. కానీ కుప్పకు రెండడుగుల అవతల, పొద్దున వడ్లు పరిచినప్పుడు పెట్టిన తలకాయంత రాయి ఒకటి తీయకుండా మిగిలిపోయింది. ముందు చక్రం దానికి కొట్టుకున్న చప్పుడు విన్నాను, తర్వాత ఎడమచేయి కింద పెట్టి నేల మీద ఉన్నాను. వెనక బండి లేదు కాబట్టి మణికట్టు వాపుతో బయటపడ్డాను. పక్క చేనులోంచి ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చి, నీళ్లు తాగించి, ఆ రాయిని తనే ఎత్తి అవతల పారేశాడు.

అందుకే కోతల కాలంలో మూడు సంగతులు గుర్తుంచుకోండి. కుప్ప కనబడితే దాని చుట్టూ ఇంకో నాలుగైదు అడుగుల దాకా రాళ్లు ఉంటాయనే అనుకోండి. వడ్ల మీదికి చక్రం ఎక్కితే బ్రేకు పట్టొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, తొక్కడం ఆపి నిటారుగా పోనివ్వండి. తారు మీద గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. మూడోది, వడ్లను తప్పించడానికి రోడ్డు మధ్యకు రావాల్సి వస్తే ముందు ఆగి, వెనక చూసి, అప్పుడు రండి. రైతు వడ్ల మీద నుంచి కావాలని తొక్కుకుంటూ పోవద్దు. అది ఆయన ఆరు నెలల కష్టం.

కుడివైపు మళ్లడం

చల్వాయి దాటేటప్పటి నుంచే లక్నవరం బోర్డు కోసం చూడండి. మలుపు వచ్చింది కదా అని తొక్కుతూనే కుడికి వాలడం, ఈ ప్రయాణం మొత్తంలో చేయకూడని పని. మీ వెనక ఒక లారీ, దాన్ని దాటుతూ ఒక కారు వస్తుండొచ్చు. లారీ చాటున కారు మీకు కనబడదు, ఆ కారువాడికి మీరు కనబడరు.

ఇలా చేయండి. మలుపుకు యాభై అడుగుల ముందే వేగం తగ్గించండి. ఎడమవైపే, తారు దిగి మొరం మీద పూర్తిగా ఆగండి. సైకిల్ దిగండి. రెండు వైపులా రోడ్డు ఖాళీ అయ్యేదాకా నిలబడండి, రెండు నిమిషాలు పట్టినా సరే. కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు చూసుకుని సైకిల్ నడిపించుకుంటూ నేరుగా దాటండి, ఏటవాలుగా కాదు. గుంపుగా ఉంటే అందరూ ఒకేసారి దాటాలి. సగం మంది దాటి, మిగతావాళ్లు కంగారుగా వెనక ఉరకడం చాలా ప్రమాదం. బాగా అలవాటున్నవాళ్లు చేయి చాపి సైగ చేసి, రోడ్డు మధ్యకు వచ్చి తిరుగుతారు. నాకూ ఆ అలవాటు ఉంది, అయినా ఈ రోడ్డు మీద దిగే దాటుతాను.

వచ్చేటప్పుడు ఇక్కడ ఎడమకు తిరగడమే కాబట్టి సులువు అనిపిస్తుంది. హైవే ఎక్కేముందు అప్పుడు కూడా ఆగి కుడివైపు చూడండి.

చెరువు దాకా, బోటు దగ్గర

బుస్సాపూర్ దాటాక రోడ్డు ఇరుకు. మలుపు అవతల ఏముందో కనబడదు కాబట్టి గంట కొడుతూ, బ్రేకుల మీద వేళ్లు పెట్టి పోండి. దిగుడులో రెండు బ్రేకులు కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే సైకిల్ తలకిందులవుతుంది. బర్రెలు ఎదురైతే ఆగి పోనివ్వండి. కుక్క వెంటపడితే ఇంకా వేగంగా తొక్కొద్దు. దిగి సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టుకుని, గట్టిగా అదిలిస్తూ నాలుగు అడుగులు నడిస్తే మామూలుగా అదే వెనక్కి పోతుంది.

గుట్టల మధ్య కట్ట వేసి కాకతీయులు తవ్వించిన చెరువు ఇది. నీళ్లలో దీవులు, వాటికి వేలాడే వంతెన, ఆ తర్వాత బోటు. సైకిల్‌ను వంతెన మీదికి తేవద్దు. పార్కింగ్ దగ్గర మనుషులు తిరిగే చోట, వెనక చక్రాన్ని, ఫ్రేమును కలిపి చెట్టుకో స్తంభానికో తాళం వేయండి. అరటిపండ్ల సంచి క్యారియర్‌కు వదిలేసి పోతే కోతులు చించి పెడతాయి, పనిలో పనిగా సీటు కవరు కూడా పీకేస్తాయి.

బోటులో లైఫ్ జాకెట్ అన్ని బకిళ్లు పెట్టుకునే ఎక్కండి. ఈత వచ్చినా సరే. రెండు గంటలు తొక్కిన కాళ్లు ఎప్పుడు పట్టేస్తాయో చెప్పలేం, నీళ్లలో పడ్డప్పుడు కండరం పడితే ఈత రాదు. ఫోన్‌ను కవర్లో వేసి లోపలి జేబులో పెట్టుకోండి. సాయం అడగాల్సి వస్తే అదే ఆధారం.

బోటు దిగిన వెంటనే సైకిల్ ఎక్కొద్దు. బోటు ఒడ్డుకు చేరగానే జనం అంతా ఒక్కసారే బండ్ల దగ్గరికి పోతారు. కార్లు, బైకులు వరుసగా ఆ ఇరుకు రోడ్డు మీదికి వస్తాయి, ముందుండాలని పోటీ పడతాయి. ఒక పదిహేను నిమిషాలు కూర్చుని నీళ్లు, ఓఆర్ఎస్ తాగి, టైర్లు నొక్కి చూసుకుంటే ఆ మంద పోయి రోడ్డు ఖాళీ అవుతుంది.

ముల్లు దిగితే

ఈ దారిలో పంచరంటే ఎక్కువగా తుమ్మ ముల్లే. పశువుల కోసం కొమ్మలు నరికిన చోట రోడ్డు పక్కన పడి ఉంటాయి. గాలి తగ్గిందనిపిస్తే తారు వదిలి, రోడ్డుకు దూరంగా నీడలోకి పోయి పని మొదలుపెట్టండి. ట్యూబు బయటికి తీసి గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకుంటే చల్లగా తగిలే చోటే చిల్లు. అక్కడ ఉప్పు కాగితంతో గరుకయ్యేదాకా రుద్ది, సొల్యూషన్ పలుచగా రాసి, వేలికి అంటుకోనంత ఆరనివ్వాలి. తడిగా ఉన్నప్పుడే ప్యాచ్ వేస్తే అది అరగంట కూడా ఆగదు.

చాలామంది మరిచిపోయేది దీని తర్వాత ఉంది. టైరు లోపల ముల్లు ఇంకా అలాగే ఉంటుంది. మెత్తని గుడ్డ ఒకటి టైరు లోపల చుట్టూ తిప్పండి. ఎక్కడ పోగు పట్టుకుంటుందో అక్కడ ముల్లు ఉన్నట్టు. ఉత్తి వేలితో తడిమితే వేలికే దిగుతుంది. బయటి నుంచి కనబడే ముల్లును గోటితో విరిస్తే మొన లోపలే ఉండిపోతుంది, పట్టుకారుతో లాగాలి.

ఎవరైనా పడిపోతే

ముందుగా, వెనక నుంచి వచ్చే బండ్లను ఆపడానికి ఒకరిని రోడ్డు పక్కనే బాగా దూరం వెనక్కి పంపి రంగు బట్ట ఊపమనండి. తల, మెడ, వెన్ను తగిలిందనుకుంటే మనిషిని కదపొద్దు, హెల్మెట్ పీకొద్దు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి. అంబులెన్సుకు 108, పోలీసుకు 112, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. ఫోన్‌లో ఏ ఊరు దాటాం, ఏ వైపు పోతున్నాం, పక్కనున్న కిలోమీటరు రాయి మీద ఏం రాసి ఉందో చెప్పండి. సాయం చేస్తే పోలీసుల చుట్టూ తిరగాలన్న భయం వద్దు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, గాయపడినవాళ్లకు మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు రక్షణ కల్పించారు.

ములుగులో బయలుదేరేటప్పుడు, హైవే దిగినప్పుడు, చెరువు చేరాక, మళ్లీ బయలుదేరేటప్పుడు ఇంటికి ఒక్కో మెసేజ్ పెట్టండి. గుట్టల మధ్య సిగ్నల్ తగ్గొచ్చు కాబట్టి, ఎన్ని గంటలకు ములుగు చేరతారో ముందే చెప్పి పెట్టండి. అలా చెప్పి పోతే, ఆలస్యమైనప్పుడు ఎక్కడ వెతకాలో ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

ఇల్లు చేరాక సైకిల్‌ను గోడకు ఆనించి పడుకోకుండా చైను తుడిచి రెండు చుక్కల నూనె వేయండి. పొద్దున లేచి రెండు టైర్లు నొక్కి చూడండి. నిన్న మొన మాత్రమే దిగిన ముల్లు రాత్రంతా మెల్లగా గాలి వదులుతుంది, తెల్లారేసరికి టైరు నేలకు అంటుకుని కనబడుతుంది.